ఒక ఇంగ్లీషు–తెలుగు చిన్న నిఘంటువు: పర్లాకిమిడి నుంచి సమీక్ష

ఒడిశా సరిహద్దు పట్టణమైన పర్లాకిమిడిలో పాఠ్యపుస్తకాలు, నోటుపుస్తకాలు అమ్మే దుకాణాల్లో ఇంగ్లీషు–ఒడియా నిఘంటువులు కంటికి ఎదురుగానే పేర్చి ఉంటాయి గానీ, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు కావాలంటే మాత్రం అడిగి తీయించుకోవాలి. అడిగితే లోపలి అర నుంచి దుమ్ము దులిపి ఇచ్చేది చాలాసార్లు ఒకే రకం పుస్తకం: అరచేతికి కాస్త మించిన పరిమాణం, బొద్దుగా ఉండే వీపు, మెరిసే అట్ట, రెండు వందల రూపాయలకు లోపు ధర. ఈ సమీక్ష అటువంటి ఒక నిఘంటువు గురించినది. దాని లోపాలను ఉన్నవి ఉన్నట్టు చెప్పదలచుకున్నాను కనుక ప్రచురణకర్త పేరు రాయడం లేదు. కింద ప్రస్తావించిన పుటలను తెరిచి చూసుకుంటే మీ ఇంట్లో ఉన్న పుస్తకం ఈ కోవలోదో కాదో మీకే తెలిసిపోతుంది.

ఇంగ్లీషు చెప్పించుకోవడానికి మా ఇంటికి వచ్చే ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల చేతుల్లో ఈ పుస్తకం కొంతకాలంగా నలుగుతోంది. వీరిలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా మాధ్యమంలో చదువుకునేవారు. తెలుగు లిపి అమ్మ దగ్గరో తాతగారి దగ్గరో నేర్చుకున్నదే తప్ప బడిలో వచ్చినది కాదు. ఇటువంటి పాఠకుడికి ఈ నిఘంటువు ఏ మేరకు అక్కరకు వస్తుందన్నది నేను చూడదలచుకున్న విషయం. అందుకోసం అరుదైన మాటలు ఎన్ని ఉన్నాయో లెక్క చూడలేదు. అక్షరక్రమంలో పక్కపక్కన నిలిచిన మాటలను వరుసగా చదివి, ఒక మాటకూ దాని పొరుగు మాటకూ ఉన్న తేడా అక్కడ ఇచ్చిన అర్థాలవల్ల తెలుస్తోందా లేదా అని చూశాను. పిల్లలు బోల్తా పడేది బొత్తిగా తెలియని మాట దగ్గర అరుదు. అది తెలియదని వారికి తెలుసు కనుక జాగ్రత్తగా వెతుక్కుంటారు. తెలిసినట్టే కనిపించి, పక్క మాటతో కలిసిపోయే మాట దగ్గరే మార్కులు పోతాయి.

అక్షరక్రమం అనేది ఈనాడు మనకు ఎంత సహజంగా తోచినా, ఒకప్పుడు దాన్ని పాఠకులకు వివరించి చెప్పవలసి వచ్చింది. ఇంగ్లీషు మాటలకు ఇంగ్లీషులోనే అర్థాలు చెప్పిన తొలి నిఘంటువును 1604లో రాబర్ట్ కాడ్రీ అనే బడిపంతులు వెలువరించినప్పుడు, అందులో ఉన్నది రెండున్నర వేల మాటలే అయినా, ఏ అక్షరంతో మొదలయ్యే మాట పుస్తకంలో ఏ వైపున దొరుకుతుందో ముందుమాటలో చెప్పుకున్నాడు. మన అమరకోశానిది పూర్తిగా వేరే దారి. అందులో మాటలు వర్గాలుగా కూర్చి ఉంటాయి కనుక నీటి మాట పక్కన నీటి మాటే, చెట్టు మాట పక్కన చెట్టు మాటే వస్తుంది. ఒక శ్లోకం నోటికి వస్తే ఆ కుటుంబమంతా నోటికి వచ్చినట్టే. అక్షరక్రమానికి ఆ బంధుప్రీతి లేదు. దాని ప్రకారం కూర్చిన పుటలో సొంత అన్నదమ్ములూ ఉండవచ్చు, ముక్కూమొహం తెలియనివారూ ఉండవచ్చు. ఎవరు ఎవరో చెప్పవలసిన బాధ్యత నిఘంటుకర్తది.

మొదట నాకు ఇష్టమైన పుటతో ప్రారంభిస్తాను. 'బి' అక్షరంలో బ్యాండేజ్, బండానా, బ్యాండికూట్, బ్యాండిట్ అనే నాలుగు మాటలు దాదాపు ఒకదాని కింద ఒకటి వస్తాయి. చూపుకు ఒకే తల్లి పిల్లల్లా ఉన్నా, ఒకే వీధిలో అద్దెకు దిగిన నాలుగు ఊళ్లవారి వంటివి ఇవి. బ్యాండేజ్ ఫ్రెంచి నుంచి వచ్చినది, కట్టు కట్టడానికి సంబంధించినది. బండానా హిందీలోని బాంధ్‌నూ నుంచి వెళ్లినది, గుడ్డను అక్కడక్కడా ముడివేసి రంగులో ముంచే అద్దకం పేరు అది. బ్యాండిట్ ఇటాలియన్ మాట, మొదట్లో దానికి చట్టం వెలివేసిన వాడని అర్థం. ఇక బ్యాండికూట్ అచ్చంగా మన ఇంటి నుంచే వెళ్లింది, అది మన పందికొక్కే. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లి స్థిరపడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి, వాటిలో ఇది ముందు చెప్పుకోదగినది. ఆస్ట్రేలియాలో ఆ పేరుతో పిలిచే జంతువు వేరే, దాని కడుపు దగ్గర సంచి ఉంటుంది. ఇక్కడి పందికొక్కు పేరునే దానికీ తగిలించారు.

మరి మన నిఘంటువు బ్యాండికూట్ ఎదురుగా ఏమి రాసిందో చూడండి: 'ఒక విధమైన పెద్ద ఎలుక'. అంతే. మహేంద్రతనయ నది ఒడ్డున పొలాలున్న ఇళ్ల పిల్లలకు పందికొక్కు ఎటువంటిదో, కోతల వేళ వరిచేలో అది చేసే నష్టం ఎంతటిదో ఎవరూ చెప్పనక్కర లేదు. తెలుగు నుంచే వెళ్లిన మాట తిరిగి తెలుగులోకి వచ్చేసరికి దాని పేరు పోయి వర్ణన మిగలడం చూస్తే, ఈ అర్థాలు రాసినవారు తెలుగు మాట కోసం వెతకకుండా ఏదో ఇంగ్లీషు నిఘంటువులోని వివరణను తెలుగు చేసి ఊరుకున్నారని అనుమానం కలుగుతుంది. ఆ అనుమానం తరువాతి పుటల్లో బలపడుతూనే పోయింది. బ్యాండిట్‌కు మాత్రం 'బందిపోటు దొంగ' అని చక్కని మాట ఇచ్చారు. ధ్వని కలిసి రావడం వల్ల పిల్లలకు అది ఒక్కసారికే పట్టుబడుతుంది.

దీనికి పూర్తిగా భిన్నమైనది 'ఎస్' అక్షరంలోని మరొక పుట. అక్కడ సెన్స్, సెన్సిబుల్, సెన్సిటివ్, సెన్సువల్, సెన్సువస్, సెంటెన్స్, సెంటిమెంట్ అన్నీ కొద్ది ఎడంతో వస్తాయి, ఇవన్నీ నిజంగానే ఒక ఇంటివి. అనుభవించడం, తోచడం అనే అర్థం గల ఒకే లాటిన్ ధాతువు వీటన్నిటికీ మూలం. చిక్కల్లా ఏమిటంటే, ఒకే ఇంటివారు కనుకనే వీరిని విడివిడిగా గుర్తుపట్టడం కష్టం. సెన్సువల్ అనే మాటకు కామవాసన అంటుకుందని భావించి, ఇంద్రియాలకు సంబంధించినది అని మాత్రమే చెప్పడానికి సెన్సువస్ అనే మాటను మహాకవి మిల్టన్ 17వ శతాబ్దంలో కొత్తగా వాడాడని ఇంగ్లీషు నిఘంటుకారులు చెబుతారు. అంత పట్టుదలతో విడదీసిన రెండు మాటలను మన పుస్తకం 'ఇంద్రియసంబంధమైన' అనే ఒకే తాటికి కట్టేసింది. పదో తరగతి పిల్లలకు ఈ రెండింటితో పెద్దగా పని పడదు కనుక దీన్ని క్షమించవచ్చు.

సెన్సిబుల్, సెన్సిటివ్ అనే రెండింటి విషయంలో మాత్రం క్షమించలేము. ఇవి పాఠంలో పదే పదే వచ్చే మాటలు. సెన్సిబుల్‌కు ఇచ్చిన మొదటి అర్థం 'ఇంద్రియగోచరమైన', రెండోది 'తెలియదగిన', మూడోది 'వివేకము గల'. సెన్సిటివ్‌కు మొదటి అర్థం 'ఇంద్రియజ్ఞానము గల', రెండోది 'సూక్ష్మగ్రాహియైన'. ఒక మాటకు చరిత్రలో ముందు ఏ అర్థం ఉండేదో అదే ముందు రాయడం ఒక పద్ధతి. ఈనాడు ఏ అర్థం ఎక్కువగా వాడుకలో ఉందో దాన్ని ముందు రాయడం మరొక పద్ధతి. పండితులకు మొదటిది, విద్యార్థులకు రెండోది తగును. విద్యార్థుల కోసమని అట్ట మీద అచ్చువేసుకున్న ఈ పుస్తకం ఎక్కడా ఏ పద్ధతినీ ఎంచుకున్నట్టు కనబడదు. సెన్సిబుల్‌కు 'తెలివిగా నడుచుకునే' అనీ, సెన్సిటివ్‌కు 'ఇట్టే నొచ్చుకునే' అనీ మొదట రాసి ఉంటే, రెండు మాటలూ ఒకే పుటలో ఉన్నందుకు లాభమే కలిగేది.

అదే పుటలోని సెంటెన్స్ దగ్గర మాకు ఎదురైన ఇబ్బంది విజయవాడలోనో వరంగల్‌లోనో కూర్చుని రాసేవారికి తట్టేది కాదు. ఆ మాటకు 'వాక్యము. శిక్ష' అని రెండు అర్థాలు ఇచ్చారు. తెలుగు వరకు అందులో తప్పు లేదు. కానీ ఒడియాలో శిక్షా అంటే చదువు, విద్య. న్యాయమూర్తి నేరస్థుడికి సెంటెన్స్ విధించాడన్న వాక్యాన్ని మా ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు చదివి, వేలు ఆ 'శిక్ష' మీదే ఉంచి, "జైల్లో చదువు చెప్పిస్తారా మాస్టారూ?" అని అడిగాడు. వాడికి ఇంట్లో తెలిసిన మాట 'శిక్ష' కాదు, 'దెబ్బలు'. 'నేరానికి వేసే శిక్ష' అని మరొక్క మాట చేర్చి ఉంటే సరిపోయేది.

ఈ చిక్కు ఒక్క మాటతో పోయేది కాదు. సంస్కృతం నుంచి తెలుగూ ఒడియా రెండూ ధారాళంగా తెచ్చుకున్నాయి గానీ, తెచ్చుకున్న మాటలకు రెండు ఇళ్లలోనూ అర్థాలు వేరుగా స్థిరపడ్డాయి. లెక్చర్‌కు 'ఉపన్యాసము' అని ఉంటే ఒడియాలో అది నవల. అగ్రికల్చర్‌కు 'వ్యవసాయము' అని ఉంటే ఒడియాలో అది వ్యాపారం. నీడ్‌కు 'అవసరము' అంటే ఒడియాలో తీరిక అనో ఉద్యోగ విరమణ అనో తోస్తుంది. స్టేట్‌కు 'రాష్ట్రము' అంటే దేశమని తోస్తుంది. థాట్‌కు 'ఆలోచన' అంటే చర్చ అని తోస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ల నోట అవసరం, ఆలోచన వినే పిల్లలకు ఆ రెండూ చిక్కుపెట్టవు. ఉపన్యాసం, వ్యవసాయం వంటి పుస్తకాల మాటలను వారు మొదట బడిలో ఒడియా అర్థంతోనే కలుసుకుంటారు. ఇంట్లో వ్యవసాయం చేసే కుటుంబం దాన్ని 'సాగు' అనో 'పొలం పని' అనో అంటుంది. కాబట్టి సంస్కృత పదం పక్కన ఒక వాడుక మాట వేయడం సరిహద్దు ప్రాంతపు పాఠకుడి పాలిట అర్థం తారుమారు కాకుండా ఆపే పని.

ఈ రెండు ఇబ్బందులూ, అంటే పొరుగు మాటల పోలికా రెండు భాషల్లోని అర్థభేదమూ, ఒకేచోట కలిసిన సందర్భం ఇండస్ట్రియల్, ఇండస్ట్రియస్ అనే జంట. నిఘంటువులో ఇవి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మొదటిది కర్మాగారాలకు సంబంధించినది, రెండోది ఒళ్లు దాచుకోకుండా పనిచేసే మనిషిని గురించినది. పుస్తకం మొదటిదానికి 'పారిశ్రామిక' అనీ, రెండోదానికి 'శ్రమశీలియైన, ఉద్యోగియైన' అనీ రాసింది. తెలుగులో పరిశ్రమ అంటే ఫ్యాక్టరీ. ఒడియాలో పరిశ్రమ అంటే కష్టపడి పనిచేయడం, పరిశ్రమీ అంటే కష్టజీవి, ఫ్యాక్టరీల వ్యవహారానికి అక్కడ శిల్ప అనే మాట వాడతారు. కనుక ఒడియా మాధ్యమం విద్యార్థి ఇండస్ట్రియల్ ఎదుట 'పారిశ్రామిక' చూసి కష్టపడేది అనుకుంటాడు, ఇండస్ట్రియస్ ఎదుట 'ఉద్యోగి' చూసి ఏదో కంపెనీలో పనిచేసేవాడు అనుకుంటాడు. రెండు మాటలూ చక్కగా తారుమారవుతాయి. ఉద్యోగి అనే మాటను పూనికతో పనిచేసేవాడనే పాత అర్థంలో వాడడం తెలుగు పాఠకుడికి కూడా ఈరోజు ఎక్కదు. జీతగాడే అందరికీ గుర్తుకొస్తాడు. 'ఫ్యాక్టరీలకు సంబంధించిన', 'కష్టపడి పనిచేసే' అని రాయడానికి పట్టే చోటు కూడా అంతే. ఈ ఒక్క జంట కోసమే నేను పిల్లల ప్రతుల్లో పక్కన పెన్సిలుతో అర్థాలు రాయించవలసి వచ్చింది.

అన్నీ లోపాలే అనుకోవద్దు. ఒకే ఉచ్చారణతో ఒక్క అక్షరం తేడాతో నడిచే జంటల దగ్గర ఈ పుస్తకం చాలా శ్రద్ధ చూపింది, దాన్ని మెచ్చుకోవాలి. స్టేషనరీ అనే మాట రెండు విధాలుగా రాస్తారు. చివరి నుంచి మూడో అక్షరం 'ఏ' అయితే కదలకుండా ఉన్నది అనీ, 'ఈ' అయితే కాగితాలు, కలాలు మొదలైన రాత సామగ్రి అనీ అర్థం. ఈ రెండు పదాలకూ ఎదురుగా 'పక్క మాటతో పోల్చుము' అని చిన్న గుర్తు ఇచ్చారు. ప్రిన్సిపల్ విషయంలోనూ అంతే. 'పి, ఏ, ఎల్' అని ముగిసేదానికి 'ముఖ్యమైన, కళాశాల అధిపతి, అప్పులో అసలు' అనీ, 'పి, ఎల్, ఈ' అని ముగిసేదానికి 'సూత్రము, నియమము' అనీ విడదీసి చెప్పారు. అప్పులో అసలు అన్న మాట చూడగానే నాకు సంతోషం కలిగింది. 'మూలధనము' అని రాసి చేతులు దులుపుకోకుండా, వడ్డీ లెక్కలు చేసే ప్రతి ఇంట్లోనూ వినబడే మాటను తెచ్చి పెట్టారు. ఇటువంటి చోట్ల ఈ పుస్తకం రాసినది వేరే మనిషేమో అనిపిస్తుంది.

క్యాన్వాస్ దగ్గర కూడా ఇదే మంచితనం కనిపించింది. చివర ఒక్క 'ఎస్' ఉంటే గుడారాలకూ బొమ్మలు గీయడానికీ వాడే ముతక గుడ్డ, రెండు ఉంటే ఇంటింటికీ తిరిగి ఓట్లడగడం. ఎన్నికల వేళ క్యాన్వాసింగ్ అనే మాట మా వీధుల్లో అందరికీ తెలిసినదే కనుక, 'ఎన్నికల ప్రచారము చేయు' అని ఇచ్చిన అర్థం వెంటనే అందుతుంది. ఈ రెండూ వేరు వేరు మాటలుగా కనిపించినా మూలం ఒకటే: గుడ్డ పేరు జనపనార వంటి నార నిచ్చే గంజాయి జాతి మొక్క లాటిన్ పేరు నుంచి వచ్చింది, ఆ గుడ్డలో మనిషిని వేసి ఎగరవేయడమనే పాత అర్థం నుంచి క్రమంగా విషయాన్ని జల్లించి చర్చించడం, ఆపైన ఓట్లడగడం వచ్చాయి. నిఘంటువు ఈ కథ చెప్పలేదు, ఇంత చిన్న పుస్తకం నుంచి అది ఆశించను కూడా.

కానీ జంటలు పూర్తిగా కలిసిపోయిన చోట్లు కూడా తక్కువ కాదు. ఎకనామిక్, ఎకనామికల్ రెండింటికీ మొదటి అర్థం 'ఆర్థిక'. మొదటిది దేశపు ఆర్థిక వ్యవహారాలకు చెందినది, రెండోది ఖర్చు తక్కువయ్యేది, పొదుపైనది. హిస్టారిక్, హిస్టారికల్ రెండింటికీ 'చారిత్రక'. చరిత్రలో నిలిచిపోయే ఘటనకు మొదటిది, చరిత్రకు సంబంధించిన దేనికైనా రెండోది వాడాలన్న సంగతి ఎక్కడా లేదు. కంటిన్యువల్, కంటిన్యువస్ రెండింటికీ 'ఎడతెగని'. ఈ చివరి జంటకు తెలుగులో మాటలు దొరకనంత కొరతేమీ లేదు. మాటిమాటికీ జరిగేది మొదటిది, మధ్యలో ఆగకుండా జరిగేది రెండోది. ఆషాఢంలో పూటకోసారి పడే జల్లులు మొదటివి, వాయుగుండం పట్టినప్పుడు రాత్రంతా ఎడతెరిపి లేకుండా కురిసే వాన రెండోది. ప్రశ్నపత్రంలో ఖాళీ పూరించమని ఇచ్చేవి సరిగ్గా ఇటువంటి జంటలే కనుక, ఈ పుస్తకం నమ్ముకున్న విద్యార్థి అక్కడ చీటీ వేసి తేల్చుకోవలసిందే.

ఉచ్చారణను తెలుగు లిపిలో ఇవ్వడం ఈ నిఘంటువుకున్న పెద్ద బలం. ఒడియాలో 'వ' పలుకు దాదాపు 'బ'లో కలిసిపోతుంది, ఇంగ్లీషులోని 'వి' అక్షరాన్ని వారు 'భ'తో రాస్తారు, వీడియోను భిడియో అన్నట్టు. బడిలో అలా విని వచ్చిన పిల్లలకు వెరీ, బెరీ వేరు వేరు అని తెలుగు లిపి ఒక్క చూపులో చెప్పేస్తుంది. అయితే తెలుగు లిపికి కూడా హద్దులున్నాయి. బనియను వంటి లోపలి చొక్కాకూ పడమటి దిక్కుకూ రెండింటికీ 'వెస్ట్' అనే రాయవలసి వచ్చింది. అది లిపి తప్పు, పుస్తకం తప్పు కాదు. పుస్తకం తప్పు మరొకచోట ఉంది. ఎడారి అనే అర్థంలో డెజర్ట్ అని మొదటి అక్షరాన్ని ఒత్తి పలకాలి. విడిచిపెట్టి పోవడం అనే క్రియగా అదే మాటను డిజర్ట్ అనాలి. భోజనం చివర తినే తీపి పదార్థానికి 'ఎస్' రెండుసార్లు వస్తుంది, దాన్ని కూడా డిజర్ట్ అనే పలకాలి. పుస్తకంలో మూడింటికీ ఒకే 'డెజర్ట్' వేశారు. ఎక్కడ ఒత్తి పలకాలో తెలిపే గుర్తు పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు.

ఇక భాష సంగతి. నేను పైన ఉటంకించిన అర్థాల్లో 'ము'కారాంతాలు, 'చేయు', 'గల' మీ కంటబడే ఉంటాయి. పుస్తకమంతా అదే తీరు. ఇంకెక్కడైనా అయితే దీన్ని పెద్దగా పట్టించుకోకపోదును గానీ, పర్లాకిమిడిలో కూర్చుని పట్టించుకోకుండా ఉండడం సాధ్యం కాదు. గిడుగు రామమూర్తి 1880లో ఉపాధ్యాయుడిగా ఈ ఊరికే వచ్చారు. కొండజాతివారైన సవరల భాష నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చినవారాయన. మాట్లాడే తెలుగులోనే చదువు సాగాలన్న వాదాన్ని ఇక్కడి నుంచే నడిపించారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రికి వెళ్లిపోయారు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. కొండల్లోని మాటలను మాట్లాడేవారి నోటి నుంచి విని ఎత్తి రాసుకున్న మనిషి బతికిన ఊళ్లో, బడిపిల్లల కోసం అమ్మే పుస్తకం ఇంకా 'సూక్ష్మగ్రాహియైన' అంటోంది. ఈ తెలుగుకు మరొక నిఘంటువు వెతుక్కోవలసి వస్తుంది. పాత నిఘంటువుల నుంచి అర్థాలను ఎత్తి వేసుకోవడం తప్పేమీ కాదు, అందరూ చేసేదే. కానీ 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన బ్రౌన్ కూడా పామరుల నోటి మాటలను వెతికి చేర్చుకున్నాడన్న సంగతిని, ఆయన తరువాత ఇంతకాలానికి వచ్చినవారు మరచిపోనక్కర లేదు.

కూర్పు విషయానికి వస్తే, పుట పైభాగాన ఎడమ మూల ఆ పుటలోని మొదటి మాటనూ, కుడి మూల చివరి మాటనూ వేస్తారు. ఆ రెండింటిని చూసుకుంటూ పుటలు తిప్పితే వెతకడం తేలిక. ఈ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు, పుస్తకం ముందుమాటలో కూడా లేదు. చెప్పాక మాత్రం వారి వేగం చూడముచ్చటగా ఉంటుంది. కొన్ని పుటల్లో ఈ మూల మాటలు ముందు పుటవే తిరిగి పడడం చిరాకు కలిగిస్తుంది. నామవాచకానికీ, క్రియలకూ, విశేషణానికీ ఇంగ్లీషు పొడి అక్షరాలే వాడారు. వాటి పట్టిక ఉంది గానీ, అది పుస్తకం చివర క్రమరహిత క్రియల పట్టిక తరువాత ఎక్కడో ఉంది. కాగితం పలుచన కావడం వల్ల వెనక పుట అచ్చు కొంచెం ఇవతలికి కనబడుతుంది. వీపుకు వేసిన జిగురు మంచిదే, పిల్లల చేతుల్లో నలిగినా ఊడలేదు. దారపు కుట్టు మాత్రం లేదు.

ఫోనులో ఇన్ని నిఘంటువులు ఉండగా ఈ పుస్తకం ఎందుకని తల్లిదండ్రులు అడుగుతారు, ఆ ప్రశ్న సబబైనదే. ఆంధ్రభారతి వంటి వెబ్‌సైటులో పాతవీ కొత్తవీ అనేక నిఘంటువుల్లో ఒకేసారి వెతకవచ్చు, పెద్దవారికి అంతకు మించిన సౌకర్యం లేదు. కానీ మాట టైపు చేసి వెతికినప్పుడు అడిగిన మాట ఒక్కటే ముందుకు వస్తుంది, దాని పొరుగు కనబడదు. ఇండస్ట్రియల్ కోసం వెతికినవాడి కంటికి ఇండస్ట్రియస్ తగలదు. కాగితం మీద ఆ రెండూ ఒకే చూపులో పడతాయి. రెండూ వేరని తెలియడానికి అదే మొదటి మెట్టు. పెండింగ్ కోసం పుట తెరిచినవారికి కొద్ది కిందనే పెన్షన్ కనబడుతుంది. తాలూకా కచేరీల చుట్టూ తిరిగిన మా ఊరి పెద్దలు ఈ రెండు మాటలనూ ఎప్పుడూ కలిపే పలుకుతారు, నిజానికి అవి రెండూ వేలాడదీయడం, తూకం వేయడం అనే అర్థాల లాటిన్ ధాతువు నుంచి వచ్చిన దగ్గరి చుట్టాలే. పూర్వం చెల్లింపు అంటే లోహాన్ని త్రాసులో వేలాడదీసి తూచి ఇవ్వడం కనుక తూకం చెల్లింపు అయింది, చెల్లింపు పెన్షన్ అయింది. వేలాడుతూ ఉండిపోయినది పెండింగ్ అయింది. వీటికి కొద్ది పైన అదే అక్షరంలో కనిపించే పెన్, పెన్సిల్ మాత్రం ఒకదానికొకటి ఏమీ కావు. మొదటిది పక్షి ఈక, రెండోది చిన్న తోక అనే అర్థం గల మాట నుంచి వచ్చిన కుంచె.

ఒడియా మాధ్యమంలో చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే పదో తరగతి లోపు విద్యార్థికి, పక్కన కూర్చుని చెప్పేవారు ఒకరు ఉంటే, ఈ నిఘంటువు ఇచ్చిన ధరకు న్యాయం చేస్తుంది. చెప్పేవారు లేకుండా ఒంటరిగా చదువుకునే విద్యార్థికి దీన్ని సిఫారసు చేయలేను. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారు ఇంగ్లీషుకు ఇంగ్లీషులోనే వివరణ, వాక్య ప్రయోగం, దానితోపాటు తెలుగు అర్థం కూడా ఇచ్చే పెద్ద నిఘంటువు కొనుక్కోవడం మేలు. అటువంటివి ఇక్కడ దుకాణాల్లో అరుదు గానీ శ్రీకాకుళంలోనో విశాఖపట్నంలోనో దొరుకుతాయి, రైలులో వచ్చే బంధువుల చేత తెప్పించుకోవచ్చు. ఇల్లు దాటి వెళ్లకుండా ఇదే కొనాలనుకుంటే, డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే 'ఎస్' అక్షరం చివరి భాగమూ, 'టి' అక్షరం మొదటి భాగమూ తెరిచి పుటల సంఖ్యలు వరుసగా ఉన్నాయో లేదో చూసుకోండి. నేను చూసిన ప్రతుల్లో ఒకదానిలో అక్కడ ఒక ఫారం, అంటే కలిపి మడిచిన పుటల కట్ట, మొత్తం రెండుసార్లు చేర్చి, తరువాతి ఫారం వదిలేశారు. దుకాణదారు మారు మాట్లాడకుండా వేరే ప్రతి ఇచ్చాడు.